ఒకే లెన్సు, రెండు బాడీలు: ఫిల్మునూ డిజిటల్‌నూ కొలిచిన డైరీ

ఫిల్ము గొప్పదా, డిజిటల్ గొప్పదా అని వాదించుకునేటప్పుడు అందరూ చూపించేది స్కాన్ చేసిన ఫైళ్లనే. ఆ స్కాన్ ఎలా చేశారో, ఫిల్మును ఏ నీళ్లతో, ఎంత వేడిలో కడిగారో మాత్రం రాయరు. ఈ డైరీలో ఎక్కువ భాగం వాటి గురించే. రాజోలు పక్క ఊళ్లో, నడి వేసవిలో, ఇంట్లో చేసిన పని ఇది. ఎవరైనా మళ్లీ చేయాలనుకుంటే కొలతలన్నీ ఇక్కడ ఉన్నాయి. ఎక్కడెక్కడ చెడిందో కూడా ఉంది.

సామాను:
- నికాన్ ఎఫ్‌ఎం10 (ఫిల్ము)
- నికాన్ డీ750 (2014 మోడల్, 24.3 మెగాపిక్సెల్, 6016 × 4016)
- రెండింటికీ ఒకటే లెన్సు: 50 మి.మీ. ఎఫ్/1.8, మాన్యువల్ ఫోకస్
- ఫిల్ము: ఇల్ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్ 400 (నలుపు తెలుపు), కోడాక్ గోల్డ్ 200 (కలర్)

నికాన్ ఎఫ్ మౌంటు, అంటే లెన్సు బాడీకి బిగిసే అమరిక, 1959 నుంచి ఉంది. అందుకే పాత లెన్సు రెండు బాడీలకూ బిగుస్తుంది. ఫ్రేము సైజు కూడా రెండింటిలో 36 × 24 మి.మీ. లెన్సు ఒకటే, ఫ్రేము ఒకటే కాబట్టి తేడా వస్తే అది ఫిల్ము, సెన్సరు (డిజిటల్ కెమెరాలో బొమ్మ పడే పలక), ఆ తర్వాత జరిగే పనుల వల్లే రావాలి.

దశ 1: చార్టు, దూరం

1951 నాటి అమెరికా వైమానిక దళం చార్టు వాడాను. మూడు నల్ల గీతలు నిలువుగా, పక్కనే మూడు అడ్డంగా ఉంటాయి. అలాంటి గుంపులు మెట్టు మెట్టుకూ చిన్నవవుతూ పోతాయి. నల్ల గీత, దాని పక్కనున్న తెల్ల ఖాళీ కలిపి ఒక జత. మిల్లీమీటరుకు ఎన్ని జతల దాకా గీతలు విడివిడిగా కనిపిస్తే అదే పదును. ఒక్కో మెట్టుకు సుమారు 12 శాతం పెరుగుతుంది: 1.00, 1.12, 1.26, 1.41, 1.59, 1.78.

బొమ్మ సరిగ్గా 50వ వంతు పడేలా దూరం పెడితే లెక్క తేలిక. 50 మి.మీ. లెన్సుకు ఆ దూరం 2.6 మీటర్లు. దీన్ని లెన్సు అంచు నుంచి కాకుండా ఫిల్ము ఉండే చోటు నుంచి కొలవాలి. ఎఫ్ మౌంటు రింగు నుంచి అది 46.5 మి.మీ. వెనక ఉంటుంది. రెండు బాడీలకూ ఇదే లెక్క. అప్పుడు కాగితం మీద 1.00 మెట్టు ఫిల్ము మీద 50 జతలవుతుంది. 1.12 అంటే 56, 1.26 అంటే 63, 1.41 అంటే 71, 1.59 అంటే 79.

1. చార్టును లేజర్ ప్రింటరులో అంగుళానికి 600 డాట్ల దగ్గర మ్యాట్ కాగితం మీద తీయాలి. మెరిసే కాగితం ఎండకు తళుక్కుమంటుంది.
2. ఫోమ్ బోర్డు మధ్యలో ఒకటి, నాలుగు మూలల్లో నాలుగు అతికించాలి.
3. లెన్సు కంతను ఎఫ్/8 దగ్గర పెట్టి తీయాలి. ఫోకస్‌కు మూడు ఫ్రేములు: సరిగ్గా ఒకటి, ఒక వెంట్రుకవాసి ముందుకు ఒకటి, వెనక్కి ఒకటి.
4. ఫ్రేము నంబరు, స్పీడు వెంటనే నోటుపుస్తకంలో రాయాలి. ఫిల్ము తనంతట తాను ఏదీ రాసిపెట్టదు.

మొదట అరుగు మీద, నీడలో, షట్టరు 1/60 సెకను స్పీడులో పెట్టి తీశాను. ఆ ఫ్రేముల్లో నిలువు గీతలు బాగానే ఉన్నాయి, అడ్డ గీతలు మాత్రం అలుక్కుపోయాయి. ఫోకస్ తప్పితే రెండూ చెడాలి. ఒకటే చెడిందంటే కెమెరా కదిలినట్టు. ఎఫ్‌ఎం10 లోపల అద్దం పైకి లేచి కొట్టుకునే అదురు నిలువుగా ఉంటుంది, అది అడ్డ గీతలనే తినేస్తుంది. ఈ బాడీలో అద్దాన్ని ముందే పైకి లేపి ఉంచే వీలు లేదు. అందుకని చార్టును ఎండలోకి మార్చాను. ఉదయం ఎండ ఇంకా వాలుగా ఉన్నప్పుడు హెచ్‌పీ5కి ఎఫ్/8, 1/1000 సరిపోయింది. గోల్డ్‌కు 1/500. అడ్డ గీతలు తిరిగి వచ్చాయి.

ట్రైపాడ్ విషయం కూడా ఉంది. మా పెరట్లో నేలంతా ఒండ్రు. కాలువలు కట్టేసి నెల గడిచినా పైపొర కిందంతా మెత్తనే. ట్రైపాడ్ కాళ్లు చూస్తుండగా దిగవు, పది నిమిషాలకు చూస్తే ఫ్రేములో చార్టు పక్కకు జరిగి ఉంటుంది. వడ్లు ఆరబోసే సిమెంటు కళ్లం మీద పెట్టాక ఆ టెన్షన్ పోయింది.

ఖర్చు: చార్టు, బోర్డు రూ. 240, హెచ్‌పీ5 రెండు రోళ్లు రూ. 1,900, గోల్డ్ రెండు రోళ్లు రూ. 2,100.
ఇప్పటిదాకా: రూ. 4,240.

దశ 2: నీళ్లు, వేడి

హెచ్‌పీ5ను ఐడీ-11 డెవలపరుతో (బొమ్మను పైకి తెచ్చే రసాయనం) కడిగాను. డెవలపరు ఒక వంతు, నీళ్లు ఒక వంతు కలిపితే 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు అని తయారీదారు పట్టిక చెబుతుంది. మే నెల మధ్యాహ్నం మా గదిలో 34 డిగ్రీలు. డాబా మీది ట్యాంకు నీళ్లు 32. ఆ పట్టిక మన ఊరి కోసం రాసింది కాదు.

ఫిల్ము కడిగే ట్యాంకు, ఫిల్మును చుట్టే రీళ్లు, వెలుతురు చొరని చేంజింగ్ బ్యాగు అమలాపురంలో ఎప్పుడో మూసేసిన ఒక స్టూడియో నుంచి కొన్నాను. ఇచ్చేటప్పుడు ఆ పెద్దాయన ఒకటికి రెండుసార్లు చెప్పారు: "రీలు బాగా ఆరబెట్టుకోండి బాబూ. చెమట చెయ్యి తగిలిందంటే ఫిల్ము సగంలో ఆగిపోద్ది."

"హెయిర్ డ్రయ్యర్ పెట్టొచ్చాండీ?"

"ఆయ్, పెట్టండి. మేమైతే పొయ్యి గట్టు మీద పెట్టేవాళ్లం."

రీలు పొడిగానే ఉంది. చేంజింగ్ బ్యాగు లోపలే ఆవిరి పట్టింది. కరెంటు పోయి ఫ్యాను ఆగాక ఫిల్ము సగం దాటి బిగుసుకుపోయింది. ఇటూ అటూ కదిపి లాగిన చోట కడిగాక నెలవంక ఆకారంలో నల్ల మచ్చలు తేలాయి. ఫిల్ము మడత పడిన ప్రతిచోటా అలాంటి మచ్చ వస్తుంది, అది ఇక పోదు.

అక్కడినుంచి మార్చినవి:

1. ఫిల్ము ఎక్కించే పని తెల్లవారుజామున, ఏసీ గదిలో. బ్యాగు, రీలు, ట్యాంకు అరగంట ముందే ఆ గదిలో ఉండాలి.
2. ఫిల్ము మొదటి అంచులో రెండు మూలలనూ కత్తెరతో కాస్త గుండ్రంగా కోయాలి.
3. ఫిల్ము ఫ్రిజ్‌లో దాచితే డబ్బా తెరవడానికి గంట ముందు బయట పెట్టాలి. చల్లటి ఫిల్ముకు మన గాలి తగిలితే క్షణాల్లో చెమ్మ పడుతుంది.

రెండో గండం వేడి. ఐసుతో డెవలపరును 20కి దించి మొదలుపెట్టాను. 13 నిమిషాలు అయ్యేసరికి ట్యాంకులో 24. వేడి పెరిగిన కొద్దీ డెవలపరు జోరు కూడా పెరిగింది. సున్నం గోడ ఉన్న ఫ్రేముల్లో గోడ భాగం ఎంత నల్లబడిందంటే వెనక ఎల్‌ఈడీ దీపం పెట్టినా దాటి రాలేదు (నెగెటివ్‌లో తెలుపు నల్లగా పడుతుంది). తర్వాత 32 డిగ్రీల కుళాయి నీళ్లు పోయడంతో ఫిల్ము పైనున్న జెలటిన్ పొర మెత్తబడింది. క్లిప్పు పెట్టేటప్పుడు గోరు తగిలిన చోట గీత పడింది.

20 డిగ్రీలను పట్టుకుని వేలాడటం మానేశాను. గదితో పోరాడి నిలబెట్టగలిగేది 24. ఆ వేడిలో 13 నిమిషాలు సుమారు 9 నిమిషాలకు తగ్గుతాయి. నీళ్లు కలపని డెవలపరైతే ఐదు నిమిషాల దగ్గరకు పడిపోతుంది. అంత తక్కువ సమయంలో పోయడం, ఒంపడంలో వచ్చే కాస్త తేడా కూడా ఆకాశంలో చారగా కనిపిస్తుంది. అందుకే నీళ్లు కలిపిన డెవలపరు మనకు మేలు.

ఇప్పుడు వాడుతున్న పద్ధతి:

1. వెడల్పాటి టబ్బులో నీళ్లు పోసి ఐసుతో 23 డిగ్రీలకు తేవాలి. డెవలపరు, ఫిక్సరు (బొమ్మను నిలిపే రసాయనం), కడిగే నీళ్లు, అన్ని సీసాలూ అందులోనే నిలబెట్టాలి. చుట్టూ తడి గోనెపట్టా.
2. ఐసు టబ్బులోకే, సీసాల్లోకి కాదు. నేను తెచ్చేది రొయ్యల లారీలకు వేసే ఐసు. అందులో ఏముంటుందో చెప్పలేం.
3. అన్నీ 24కి చేరాకే మొదలుపెట్టాలి. 9 నిమిషాలు. మొదటి 10 సెకన్లు, ఆపైన ప్రతి నిమిషానికి 10 సెకన్లు ట్యాంకును తలకిందులుగా తిప్పాలి.
4. ఫిక్సరు సమయాన్ని ఫిల్ము మొదటి ముక్కతో తేల్చుకోవాలి. ఆ ముక్క తేటపడటానికి ఎంత పట్టిందో దానికి రెట్టింపు.
5. కడగడం: నీళ్లు నింపి 5 సార్లు తిప్పి ఒంపాలి, మళ్లీ నింపి 10 సార్లు, మళ్లీ నింపి 20 సార్లు. ఇది ఇల్ఫోర్డ్ చెప్పిన పద్ధతే. కుళాయి కింద అరగంట పెట్టే అవసరం లేదు.

ఐదో అంశం మనకు ఎందుకు ముఖ్యమంటే, వేసవిలో కాలువలు కట్టేశాక మా ఊళ్లో బోరు నీళ్లే దిక్కు. ఆ నీళ్లు ఆరిన చోట తెల్లటి మరకలు. స్కానులో ఒక్కో మరక ఒక గుండ్రని మచ్చ. పై పద్ధతిలో ఒక రోలుకు మొత్తం పట్టేది సుమారు 2 లీటర్లు. కాబట్టి మొదటి నుంచి చివరిదాకా 20 లీటర్ల మినరల్ క్యానుతోనే కానివ్వచ్చు. చివరి నీళ్లలో వెటింగ్ ఏజెంటు (నీళ్లు బొట్లు కట్టకుండా జారిపోయేలా చేసేది) రెండు చుక్కలు, అంతకు మించితే అదే మరక అవుతుంది.

ఆరబెట్టడానికి స్నానాల గది. ముందు గోడల మీద నీళ్లు చల్లి దుమ్ము అణచాలి, తర్వాత లైటు ఆర్పేయాలి. లైటు వేసి ఉంచితే దీపం పురుగులు వచ్చి తడి ఫిల్ముకు అతుక్కుంటాయి. రెక్క తీసేసినా దాని అచ్చు జెలటిన్‌లో ఉండిపోతుంది.

ఖర్చు: ట్యాంకు వగైరా రూ. 1,500, డెవలపరు రూ. 900, ఫిక్సరు రూ. 850, థర్మామీటరు రూ. 350, వెటింగ్ ఏజెంటు రూ. 450, నీళ్ల క్యాన్లు, ఐసు రూ. 100.
ఇప్పటిదాకా: రూ. 8,390.

దశ 3: కలర్ రోళ్లు

కలర్ నెగెటివ్ కడిగే సీ-41 పద్ధతికి 38 డిగ్రీలు కావాలి, డెవలపరు సమయం 3 నిమిషాల 15 సెకన్లు. మన వేసవిలో నీళ్లను 12 డిగ్రీలు చల్లార్చడం కంటే 6 డిగ్రీలు వేడి చేయడం ఎంతో సులువు. అందుకే ఇంట్లో కడగడానికి మన ప్రాంతంలో నలుపు తెలుపు కంటే కలరే తేలికని నా అభిప్రాయం. కానీ కలిపిన సీ-41 రసాయనం ఎక్కువ కాలం నిలవదు. రెండు రోళ్ల కోసం అంత కొనడం దండగ. అందుకని హైదరాబాద్‌లో ఒక ల్యాబుకు పంపించాను. కడగడం, స్కాన్, కొరియర్ కలిపి రూ. 1,200.

ల్యాబు నుంచి వచ్చిన ఫైళ్లు 3000 × 2000. అంటే 6 మెగాపిక్సెల్. చార్టులో 35 జతల తర్వాత అంతా బూడిద రంగు. పక్కన డీ750 ఫైలు పెట్టి చూస్తే ఫిల్ము దారుణంగా ఓడిపోయినట్టే. అయితే 3000 పిక్సెళ్లను 36 మి.మీ. మీద పరిస్తే మిల్లీమీటరుకు 83 పిక్సెళ్లు. ఒక జతకు కనీసం రెండు పిక్సెళ్లు కావాలి, కాబట్టి ఆ ఫైలు లోపల 42 జతలకు మించి ఏదీ ఇమడదు. నెగెటివ్‌లో ఎంత ఉన్నా సరే. ఓడింది ఫిల్మా, స్కానా?

ఇప్పటిదాకా: రూ. 9,590.

దశ 4: ఇంట్లో స్కాన్

పెళ్లి ఫొటోలు తీసే స్నేహితుడు 60 మి.మీ. మైక్రో లెన్సు ఇచ్చాడు. అది అసలు సైజులో, అంటే 1:1లో తీస్తుంది. డీ750కి బిగించి, కింద ఎల్‌ఈడీ ప్యానెల్, మధ్యలో నెగెటివ్.

1. ప్యానెల్ మీద చిన్న అద్దం పెట్టి లెన్సులోంచి చూడాలి. లెన్సు తన ప్రతిబింబాన్ని సరిగ్గా మధ్యలో చూసుకుంటే కెమెరా సమాంతరంగా ఉన్నట్టు.
2. నెగెటివ్ చుట్టూ మిగిలిన వెలుతురును నల్ల అట్టతో మూసేయాలి. లేకపోతే బొమ్మ మొత్తం పాలిపోతుంది.
3. ఫిల్మును మామూలు గాజు పలక కింద నొక్కకూడదు. తేమ ఉన్న రోజుల్లో గాజుకూ ఫిల్ముకూ మధ్య రంగు రంగుల వలయాలు పడతాయి. ఒక రాత్రి బరువైన పుస్తకంలో పెడితే చాలినంత చదునవుతుంది.
4. కలర్ నెగెటివ్‌కు ఎక్కడా బొమ్మ పడని నారింజ రంగు అంచు మీద వైట్ బ్యాలెన్స్ (ఏది తెలుపో కెమెరాకు చెప్పడం) తీసుకుని, ఆ తర్వాతే నెగెటివ్‌ను పాజిటివ్‌గా తిరగేయాలి.

ఫలితం: హెచ్‌పీ5లో 56 జతలు, గోల్డ్‌లో 50. ల్యాబు ఫైలులో 35 దగ్గర ఆగిన అదే గోల్డ్ ఫ్రేము ఇది. అదే చార్టును డీ750 నేరుగా తీస్తే 71 దాకా స్పష్టం, 79 దగ్గర గీతల మీద రంగు చారలు.

ఈ అంకె దగ్గర ఆపేయడానికి మనసొప్పలేదు. డీ750 సెన్సరులో మిల్లీమీటరుకు 167 పిక్సెళ్లు, అంటే 84 జతలు దాని పైకప్పు. ఫిల్మును కొలవడానికి వాడిందీ ఆ సెన్సరే. పందెంలో ఉన్నవాడే అంపైరుగా నిలబడ్డాడు. పైగా ఫిల్ము బొమ్మ రెండు లెన్సులు దాటి వస్తోంది, డిజిటల్ బొమ్మ ఒక్కటే. కెమెరా లేకుండా నెగెటివ్‌ను చూసే దారి కావాలి.

ఖర్చు: ప్యానెల్ రూ. 1,800, అట్ట, హోల్డరు రూ. 200, బ్లోయరు రూ. 250.
ఇప్పటిదాకా: రూ. 11,840.

దశ 5: మైక్రోస్కోపు

జూనియర్ కాలేజీ బోటనీ ల్యాబులో మామూలు మైక్రోస్కోపు ఉంటుంది. ఉల్లిపొర చూసేది. సెలవుల్లో అనుమతి తీసుకుని నెగెటివ్ ముక్కను గాజు పలక మీద పెట్టి, ముందు 40 రెట్లలో చార్టు ఎక్కడుందో వెతికి, తర్వాత 100 రెట్లలో చదివాను. కొత్త గాజు పలకలకు రూ. 30.

50 జతల మెట్టులో ఒక్కో గీత వెడల్పు ఫిల్ము మీద మిల్లీమీటరులో వందో వంతు. కంటికి అదొక చిన్న మచ్చ కూడా కాదు. 100 రెట్లలో చూస్తే హెచ్‌పీ5 గీతకు అంచంటూ లేదు. అరిసె మీద నువ్వులు అద్దినట్టు వెండి రేణువులు. నెగెటివ్ కాబట్టి గీత లోపల పలచగా, బయట దట్టంగా. మెట్టు మెట్టుకూ గీత సన్నబడుతుంది, రేణువు మాత్రం సన్నబడదు. 71 దగ్గర మూడు గీతలూ ఇంకా మూడే. 79 దగ్గర ఒక్కోచోట రెండు రేణుగుంపులు కలిసిపోయి మధ్యలోని గీతను మూసేశాయి. ఫోకస్ స్క్రూ ఇటూ అటూ తిప్పి చూసినా విడిపోలేదు. ల్యాబ్ అటెండరు కూడా చూశారు. "71 అన్నచోట మూడే ఉన్నాయండి, ఆ తర్వాతది నేను చెప్పలేను" అన్నారు. ఆయనకు నా అంకె ముందే చెప్పలేదు, మెట్టు మాత్రమే చూపించాను.

| | ల్యాబు ఫైలు | ఇంటి స్కాన్ | మైక్రోస్కోపు |
|---|---|---|---|
| హెచ్‌పీ5 | – | 56 | 71 |
| గోల్డ్ 200 | 35 | 50 | 56 |

డీ750 నేరుగా: 71.

నెగెటివ్‌లో ఉన్నది వేరు, మన చేతికొచ్చే ఫైలు వేరు. గోల్డ్‌లో 56 ఉంటే ల్యాబు ఫైలు 35 ఇచ్చింది. ఆ ఫైలును చూసి గోల్డ్‌ను తీసిపారేసినవాళ్లు ఫిల్మును చూడనే లేదు.

అలాగని ఫిల్ము వైపు చెప్పే పెద్ద అంకెలనూ జాగ్రత్తగా చదవాలి. కోడాక్ టీ-మ్యాక్స్ 100 అనే ఫిల్ము పత్రంలో మిల్లీమీటరుకు 200 గీతలు అని ఉంటుంది. అది నలుపు తెలుపుల తేడా 1000కి 1 ఉన్న చార్టు మీద. అదే పత్రంలో 1.6కి 1 తేడా ఉన్నప్పుడు 63 అనే రాశారు. ఫ్యూజీ వెల్వియా 50 ఫిల్ముకు అవే రెండు అంకెలు 160, 80. నా కాగితం చార్టు ఈ రెండింటికీ మధ్యది. కొబ్బరాకు మీద పడే ఇంకో ఆకు నీడ, ఏటిగట్టు మీద ఎండిన మట్టి పగుళ్లు, ముఖం మీద ముడతలు, మనం తీసేవన్నీ 1.6 వైపువే. అక్కడ రేణువు ముందుగా మింగేది ఆ సన్నని తేడాలనే. డిజిటల్‌లో తక్కువ ఐఎస్ఓ (వెలుతురుకు సున్నితత్వం) దగ్గర ఆ తేడాలు నిలబడతాయి. కొబ్బరితోట ఫ్రేములు పక్కపక్కన పెట్టి చూస్తే, చార్టులో రెండూ 71 దగ్గర సమానమైనా, కొబ్బరాకు ఈనెల మధ్య వివరం డీ750 ఫైలులోనే ఎక్కువ. ఈ సైజు ఫిల్ములో పదును వరకు నా తీర్పు డిజిటల్‌కే.

ఇప్పటిదాకా: రూ. 11,870.

దశ 6: దోమతెర

79 దగ్గర కనిపించిన రంగు చారల కోసం ఇంట్లో ఉన్న వస్తువే దొరికింది. మా దోమతెర కళ్లు 1.5 మి.మీ.కి ఒకటి చొప్పున ఉన్నాయి. సెన్సరు మీద ఒక కన్ను సరిగ్గా రెండు పిక్సెళ్లకు, అంటే 0.012 మి.మీ.కి తగ్గాలంటే బొమ్మ 125వ వంతు పడాలి. 50 మి.మీ. లెన్సుకు అది సుమారు 6.35 మీటర్లు. తెల్ల తెరను చీకటి గుమ్మంలో వేలాడదీసి 5 మీటర్ల నుంచి 8 దాకా అర మీటరు చొప్పున జరుగుతూ తీశాను.

డీ750లో 5 మీటర్ల దగ్గర అల్లిక అల్లికలాగే ఉంది. 6.5 దగ్గర తెర మీద లేత ఆకుపచ్చ, గులాబీ అలలు లేచాయి. అవి తెరలో లేవు. సెన్సరు మీద ప్రతి పిక్సెలుకు ఒక్క రంగు అద్దమే ఉంటుంది: సగం ఆకుపచ్చ, పావు ఎరుపు, పావు నీలం. ఈ అమరిక కోడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌ది, 1976లో పేటెంటు వచ్చింది. మిగిలిన రెండు రంగులనూ చుట్టుపక్కల పిక్సెళ్లను చూసి లెక్కగడతారు. అల్లిక పిక్సెళ్ల వరసతో ఢీకొన్న చోట ఆ లెక్క తప్పుతుంది.

గోల్డ్‌లో ఏ దూరంలోనూ అలలు లేవు. కలర్ ఫిల్ములో మూడు రంగుల పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, రేణువులకు వరస ఉండదు. దూరం పెరిగేకొద్దీ అల్లిక మెల్లగా బూడిద రంగు పొరలో కలిసిపోయింది. వివరం పోయింది, లేని వివరం మాత్రం పుట్టలేదు. చీరలు, అల్లికలు తీసేవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. డిజిటల్‌లో అలలు కనిపిస్తే అర అడుగు ముందుకో వెనక్కో జరగండి. నాకు అదే పనిచేసింది.

దశ 7: సున్నం గోడ, చీకటి గది

మిట్ట మధ్యాహ్నం ఎండ పడే సున్నం గోడ, అందులో తెరిచిన తలుపు, లోపల చీకటి గదిలో ఇత్తడి బిందెలు. డీ750 స్పాట్ మీటరుతో (ఒక్క చోటే వెలుతురు కొలిచేది) చూస్తే గోడకూ బిందెలకూ మధ్య 9 స్టాపులు; ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు. కింద సున్నా అంటే మొత్తానికి మీటరు చూపించిన ఎక్స్‌పోజరు.

గోల్డ్ 200:
- రెండు స్టాపులు తక్కువ: బిందెలు లేవు, ఆకుపచ్చ బూడిద.
- ఒకటి తక్కువ: బిందెలున్నాయి, చుట్టూ బురద.
- సున్నా, ఒకటి ఎక్కువ: రెండూ బాగున్నాయి. ఒకటి ఎక్కువే మేలు.
- మూడు ఎక్కువ: గోడ మీద సున్నం కుంచె గీతలు ఇంకా ఉన్నాయి.
- నాలుగు ఎక్కువ: గీతలున్నాయి, రంగు పసుపుకు తిరిగింది.

డీ750, ఐఎస్ఓ 200, రా ఫైలు (కెమెరా మార్పులు చేయని ఫైలు):
- నాలుగు తక్కువ: కంప్యూటరులో లేపితే బిందెలు వచ్చాయి. చుక్కలున్నా వాడుకోవచ్చు.
- రెండు తక్కువ: రెండూ శుభ్రంగా ఉన్నాయి.
- సున్నా: గోడలో ఎండ ఎక్కువ పడ్డ చోట అంచు మీద ఉంది.
- ఒకటి ఎక్కువ: కుంచె గీతలు ముక్కలు ముక్కలుగా పోయాయి.
- రెండు ఎక్కువ: గోడ ఉత్త తెలుపు. తిరిగి రాదు.

రెండింటికీ ఇంచుమించు అంతే వెడల్పు ఉంది, అది ఉన్న వైపు వేరు. ఫిల్ముకు పై వైపు, డిజిటల్‌కు కింది వైపు. ఒకే ఎక్స్‌పోజరుతో రెండూ తీసి పోలిస్తే ఎవరో ఒకరికి అన్యాయం జరుగుతుంది. ఇక్కడినుంచి మీటరు మొత్తానికి చెప్పినదాని కంటే గోల్డ్‌కు ఒక స్టాపు పెంచుతున్నాను, డీ750కి ఒకటిన్నర తగ్గిస్తున్నాను.

దశ 8: ప్రింట్లు

తెర మీద 100 శాతం పెట్టి చూడటం ఎవరూ ఫొటో చూసే తీరు కాదు. 12 × 18 అంగుళాల ప్రింటుకు డీ750 ఫైలు నుంచి అంగుళానికి 334 పిక్సెళ్లు వస్తాయి, ఎక్కడా సాగదీయక్కర్లేదు. హెచ్‌పీ5 ఇంకో రోలు తీసుకుని (రూ. 950) నరసాపురం క్రోషే లేసును రెండు బాడీలతోనూ తీశాను: నీడలో ఒకటి, ఎండలో ఒకటి. డిజిటల్ వాటిని నలుపు తెలుపు చేశాను. నాలుగు ప్రింట్లు, రూ. 480.

సఖినేటిపల్లి రేవులో పంటు (రేవు దాటించే పడవ) ఎక్కి అవతల నరసాపురంలో లేసు అల్లే మా దూరపు అత్త దగ్గరకు తీసుకెళ్లాను. ఏది దేనితో తీసిందో చెప్పలేదు. ఆవిడ బాగుందా లేదా అని చూడలేదు. వేలు పెట్టి గొలుసు కుట్లు లెక్కపెట్టడం మొదలెట్టింది.

నీడలోవి రెండూ ముందు పెట్టాను. డిజిటల్ ప్రింటులో పువ్వు చుట్టూ కుట్లన్నీ లెక్క తేలాయి. "ఇందులో దారం పురి కూడా కనపడతంది రా" అంది. ఫిల్ము ప్రింటులో సగం దాటాక ఆగింది. "ఇక్కడ కలిసిపోయిందిరా, ఇది పట్టుకుని అల్లలేం."

ఎండలోవి పెడితే తిరగబడింది. డిజిటల్‌లో మీటరు చెప్పినట్టే తీసిన ఫ్రేమది. లేసు అంచు తెల్లగా అతుక్కుపోయి ఉంది. ఫిల్ములో అంచు దాకా లెక్కపెట్టింది. ఇంటికి వచ్చి ఒకటిన్నర స్టాపు తక్కువ తీసిన డిజిటల్ ఫ్రేమునే ఆ సైజులో వేయించి (రూ. 120) పంపితే, అందులోనూ అంచు దాకా తేలిందని ఫోను చేసింది. అయినా గోడకు పెట్టుకోవడానికి అడిగింది మాత్రం ఎండలో తీసిన ఫిల్ము ప్రింటునే. ఎందుకని అడిగితే, అందులో ఎండ ఎండలా ఉందంది. ఈ మాటకు నా దగ్గర కొలత లేదు, కానీ నాకూ అలాగే అనిపించింది.

ఇప్పటిదాకా: రూ. 13,420.

తర్వాత చేయాల్సింది

120 రోలు (ఇంకా వెడల్పాటి ఫిల్ము) పట్టే పాత కెమెరా ఒకటి దొరికింది. ఫిల్ము అదే హెచ్‌పీ5, ఫ్రేము ఎత్తు 24కి బదులు 56 మి.మీ. మిల్లీమీటరుకు అదే 71 జతలు పడితే ఫ్రేము ఎత్తులో 1,704 జతల స్థానంలో 3,976 వస్తాయి. దాని లెన్సు ఈ 50 మి.మీ. అంత పదునుగా లేకపోయినా డీ750ను దాటే వీలుంది. షట్టరు నెమ్మదిగా పడుతోంది, నూనె గడ్డకట్టినట్టుంది. అది శుభ్రం చేయించి, 1/250 నిజంగా 1/250యేనా అని ఫోనులో సౌండు రికార్డు చేసి చూసుకున్నాకే చార్టు ముందు పెడతాను. వానలు మొదలయ్యేలోపు తీయాలి. చార్టు కాగితం తేమకు ఉబ్బితే 50వ వంతు లెక్క మారిపోతుంది.